నిలవుండని తీపి

అంజీరా, నీ దగ్గరికి తెల్లవారుతుండగానే రావాలి. ధవళేశ్వరం వేసవిలో ఎనిమిదింటికల్లా ఎండ ముదిరిపోతుంది. రాత్రంతా ఆకుల చాటున నువ్వు దాచుకున్న చలవ ఆ ఎండకి ఆగదు. పైగా కోయిల మాకన్నా ముందు లేస్తుంది. చిలకల సంగతి సరేసరి. గబ్బిలం రాత్రే వచ్చి రుచి చూసి పోయి ఉంటుంది. వాళ్ళంతా తినగా మిగిలిందే మాది. అయినా వాళ్ళ మీద నాకు కోపం రాదు. నువ్వు పండావన్న కబురు మొదట తెచ్చేది వాళ్ళే.

నిన్ను ఆకు కింద చెయ్యిపెట్టి వెతకాలి. చీలికల ఆకు, గరుకు ఆకు, మోచేతికి రాసుకుంటే దురద పుట్టే ఆకు. ఆ గరుకుదనం వెనక ఇంత మెత్తదనం ఉందంటే కొత్తవాళ్ళు నమ్మరు. కొమ్మ మీద నిటారుగా నిలబడ్డ కాయ ఇంకా పచ్చిదే, దాని జోలికి పోకూడదు. మెడ వాల్చి వేలాడుతున్నావంటే పండినట్టే. అప్పటికి ఒంటి మీద పచ్చదనం తగ్గి ఊదారంగు పాకి ఉంటుంది. తొక్క బిగిసి సన్నగా, తెల్లగా గీతలు పడతాయి. అడుగున ఉన్న చిన్న కన్ను దగ్గర ఒక్క తేనెబొట్టు నిలుస్తుంది. కిందికి జారదు, ఎండిపోదు, అక్కడే మెరుస్తూ ఉంటుంది. ఆ బొట్టు కనబడ్డాక ఒక్క పూట కూడా ఆగకూడదు.

లాగి కోయకూడదు. వేళ్ళ మధ్య పట్టుకుని కాస్త పైకెత్తితే నీ అంతట నువ్వే చేతిలోకి వచ్చేస్తావు. తొడిమ విరిగిన చోట పాలు ధారకట్టాయంటే మేం తొందరపడ్డామని అర్థం. వేలికి జిగురు తగిలీ తగలనట్టుంటే సరైన వేళకే వచ్చామని అర్థం. నొక్కి చూస్తే చంటిపిల్ల చెవితమ్మె అంత మెత్తన. కత్తి అక్కర్లేదు. రెండు బొటనవేళ్ళూ కన్ను దగ్గర ఆనించి విప్పితే చాలు. తొక్క వెంబడి తెల్లటి అంచు, ఆ లోపల లేత గులాబీ, నడుమకి వెళ్ళేకొద్దీ ఎరుపు, ఆ ఎరుపు నిండా తడి. నోట్లో పెట్టుకోగానే మొదట చలవ తెలుస్తుంది. తర్వాత తీపి. గింజలు పంటి కింద చిటచిటమంటాయి. అన్నీ అయిపోయాక పచ్చి ఆకు వాసన ఒకటి గొంతులో సన్నగా నిలుస్తుంది.

ఆ ఆకు వాసన ఎండు అంజీరలో ఉండదు. కిరాణా కొట్లో దారానికి గుచ్చి వేలాడదీసిన దండలంటే నాకు గౌరవమే. బాలింతలకీ, ముసలివాళ్ళకీ, మలబద్ధకంతో బాధపడేవాళ్ళకీ అవి చేసే మేలు తక్కువది కాదు. కానీ వాటి దారి వేరు. తాజా పండు నూరు గ్రాముల్లో 79 గ్రాముల దాకా నీరే ఉంటుంది. ఎండినదాంట్లో అది 30 గ్రాములకి పడిపోతుంది. పోయిన నీటితోపాటు ఆ చలవ, ఆ పచ్చి వాసన, పంటికి తగిలీ తగలకుండా జారిపోయే ఆ మెత్తదనం కూడా పోతాయి. వేసవి పొద్దున నాలుగు పండ్లు తింటే కడుపూ నిండుతుంది, దాహమూ తీరుతుంది.

పండు అనుకుని మేం తినేది నిజానికి పూలగుత్తి. వందలకొద్దీ పువ్వుల్ని నువ్వు లోపలికి తిప్పుకుని, మూతి ముడుచుకుని, బయటికి ఏమీ తెలియనివ్వకుండా పెంచుకున్నావు. రేకులు విప్పి గాలికి చూపించడం నీకు ఇష్టం లేకపోయింది. నువ్వే కాదు, నీ వంశమంతా అంతే. మా గుడుల్లో, గట్ల మీద ఉన్న రావి, మర్రి, మేడి, జువ్వి అన్నీ నీ రక్తసంబంధులే, గిల్లితే పాలు కార్చే చెట్లే. పిఠాపురం వెళ్ళినప్పుడు శ్రీపాద శ్రీవల్లభుల సన్నిధిలో మేడిచెట్టు చుట్టూ జనం ప్రదక్షిణాలు చేస్తుంటే నాకు నువ్వు గుర్తొస్తావు. ఇంటిపేరు ఒకటే కదా మరి.

మేడిని మేం దేవుడి చెట్టుగా మొక్కాం గానీ దాని పండుని చిన్నచూపు చూశాం. వేమన పద్యం విన్న చెవులకి మేడి అనగానే పురుగు గుర్తొస్తుంది. ఆ పురుగు ఎంత పని చేస్తుందో తెలిస్తే చెయ్యెత్తి దణ్ణం పెడతారు. గింజంత కూడా ఉండని ఆడకందిరీగ కంటిలోంచి లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. తాను పుట్టిన పండు నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని ఈ పువ్వులకి అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది. దాని పిల్లల్లో మగవి పండుకి బెజ్జం పెట్టి దారి చేస్తాయి, ఆడవి పుప్పొడి ఎత్తుకుని మరో మేడిని వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. గోదావరి గట్టున ఒక్క మేడి మొలకెత్తాలన్నా ఈ తల్లులు కావాలి. అంజీరా, మా తోటల్లో పెరిగే నీ రకానికి మాత్రం ఈ అవసరం లేదు. కందిరీగ రాకపోయినా నీ అంతట నువ్వే పండుతావు. పురుగు భయంతో నిన్ను విప్పి చూసి, వాసన చూసి, పక్కన పెట్టే పెద్దవాళ్ళకి నేను ఈ మాటే చెబుతుంటాను. నిర్భయంగా తినండి, తొక్కతో సహా తినండి.

నీలో నేను మరీ మరీ మెచ్చుకునేది నువ్వు నిలవుండకపోవడం. కోసిన తర్వాత పండే గుణం నీకు లేదు. మామిడికాయని పచ్చిగా దింపి గడ్డిలో మాగేస్తే నాలుగు రోజులకి దారికొస్తుంది. నిన్ను అలా లొంగదీయలేం. చెట్టు మీద పండాలి, పండిన రోజే దిగాలి, మహా అయితే మర్నాటికల్లా నోట్లో పడాలి. గంపకెత్తితే అడుగు వరస నలిగిపోతుంది. పూణే దగ్గర పురందర్ అంజీరకి 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎంత పేరున్నా ఆ పండు ఊరు దాటాలంటే ఒక్కొక్కదానికి మెత్తటి గూడు కట్టి డబ్బాల్లో పెట్టాల్సిందే. అలా వచ్చిన డబ్బా రాజమండ్రిలో విప్పితే అందులో కొన్ని గట్టిగా, చప్పగా ఉంటాయి. దారి కుదుపులు తట్టుకోవడానికి ఒక రోజు ముందే కోసేసి ఉంటారు పాపం. వాళ్ళ తప్పేమీ లేదు.

రాజ్యాలేలినవాళ్ళకీ ఇదే గతి. చంద్రగుప్త మౌర్యుడి కొడుకు బిందుసారుడు సిరియా రాజు ఆంటియోకస్‌కి కబురు పంపించి తీపి ద్రాక్షసారా, ఎండు అంజీర పండ్లు, ఒక తత్త్వవేత్త కావాలని అడిగాడట. సారా, పండ్లు పంపిస్తాను, తత్త్వవేత్తల్ని అమ్మడం మాత్రం మా దేశంలో ఆచారం కాదని ఆ రాజు జవాబిచ్చాడని గ్రీకు రచయిత అథెనియస్ రాసిపెట్టాడు. అంత పెద్ద సామ్రాజ్యం, ఏనుగులు, గుర్రాలు, వేగులు ఉన్నవాడు కూడా అడగగలిగింది ఎండు పండే. సిరియా నుంచి పాటలీపుత్రానికి నువ్వు తాజాగా రాలేవని అతనికీ తెలుసు. రోములో కేటో అనే ముసలి సెనేటరు కార్తేజ్‌లో కోసిన తాజా అంజీరని సభలో చూపించి, శత్రువు మనకి మూడు రోజుల దూరంలోనే ఉన్నాడు చూడండి అన్నాడు. పండు వాడకపోవడమే దూరానికి కొలత అయింది. క్రీస్తుపూర్వం 146లో కార్తేజ్ నేలమట్టమైంది. నిన్ను యుద్ధానికి సాక్ష్యం చేసిన ఆ సభ మీద నాకు ఇప్పటికీ మంట.

బిందుసారుడికి దక్కనిది ధవళేశ్వరంలో పెరడున్న ఎవరికైనా దక్కుతుంది. ఈ మాట అనుకున్నప్పుడల్లా నా ఊరి మీద ప్రేమ పొంగుతుంది. 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి, ఈ కొండల రాయే కొట్టి, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీదా కట్టుకుంటూ పోయి 1852 నాటికి పూర్తిచేశాడు కాటన్ దొర. ఆ నీళ్ళు కాలువలై పల్లానికి పారాయి. వరి చేలతో పాటు మొక్కల్ని కూడా పెంచాయి. కాలువ వెంబడి వేమగిరి దాటితే కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం. ఎటు చూసినా నర్సరీలే. ఒండ్రు నింపిన సంచుల్లో దేశంలోని చెట్లన్నీ మోకాలెత్తున నిలబడి ఉంటాయి. వాటి మధ్య నువ్వు. చలికాలంలో వెళితే ఆకు రాలిపోయి, బూడిదరంగు పుల్లలా, ఎవరూ కొనాలనుకోని రూపంలో ఉంటావు.

అలాంటి పుల్లని చూసి నేను వెనకాడుతుంటే నర్సరీలో మొక్కలు తడుపుతున్న ఒకాయన నవ్వాడు. "ఆయ్! కంగారు పడకండమ్మా. ఆకు రాలిపోద్దండి, మళ్ళీ చిగురేసేత్తదండి. నీళ్ళు మాత్రం గుమ్మరించకండే, దీనికి తడికాళ్ళు పడవు" అన్నాడు. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో నీ గురించి ఇంతకన్నా సరైన సలహా నాకెవరూ చెప్పలేదు.

నిజమే, నువ్వు మా నేల బిడ్డవి కావు. అనంతపురం మెట్టల్లో, పొడిగాలికి, బిగువైన ఎండకి పెరిగినంత సుఖంగా ఇక్కడ పెరగవు. మా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం వస్తే ఆకుల అడుగున తుప్పు పడుతుంది. చేత్తో తడిమితే పసుపుపచ్చని పొడి అంటుతుంది. ఆకులన్నీ రాలిపోతాయి. ఆ రోజుల్లో వచ్చే కాపు నీళ్ళు తాగి ఉబ్బి, పగిలి, పులిసిపోతుంది. పూణే రైతులు కూడా వానకాపుని పులుపు కాపనీ, వేసవి కాపుని తీపి కాపనీ వేరుచేసే చెబుతారు. అందుకే నిన్ను భూమిలో కాకుండా పెద్ద కుండీలో పెట్టి, అడుగున పెంకులు పరిచి, ఎండ బాగా తగిలే డాబా మీదో, దక్షిణపు గోడ పక్కనో ఉంచుతాం. మా డెల్టాలో నీ రోజులంటే మాఘం చివర నుంచి వైశాఖం దాకా. దాళ్వా కోతల ముందు మొదలై, కాలువలు కట్టేసే నాటికి నువ్వు బాగా పండుతావు. కాలువలో నీళ్ళు ఆగి, అడుగున బురద బీటలు తీసి, ఊరంతా గోదావరి వైపు చూసే ఆ ఎండల్లో నీ తీపి చిక్కబడుతుంది. నీళ్ళు తగ్గితేనే నీకు రుచి. ఆనకట్ట ఊళ్ళో పుట్టినదాన్ని, ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఇక పళ్ళెం దగ్గరికి వద్దాం. నిన్ను పొయ్యి మీదికెక్కించడం నాకు ఇష్టం ఉండదు. వండితే నువ్వు పాకమైపోతావు. హల్వా చేసేవాళ్ళకి ఎండు అంజీర ఉండనే ఉంది. తాజాగా దొరికిన నాలుగు రోజులూ నిన్ను పచ్చిగానే, పచ్చివాటితోనే కలపాలి. సలాడ్ అనగానే మనది కాదనుకుంటారు కొందరు. శ్రీరామనవమి వడపప్పు ఏమిటి మరి? పెసరపప్పు నానబెట్టి, నీళ్ళు వంచి, కీరదోస ముక్కలు, పచ్చికొబ్బరి కోరు, పుల్లమామిడి తురుము, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి నైవేద్యం పెట్టి దోసిట్లో పెట్టుకు తింటాం. నవమి చైత్రంలో, నువ్వూ చైత్రంలోనే. నైవేద్యం సంప్రదాయంగా అయ్యాక, మర్నాడు మళ్ళీ ఒక గిన్నెడు వడపప్పు కలిపి, పైన నిన్ను నాలుగు ముక్కలుగా విప్పి పేరుస్తాను. మామిడి పులుపు పక్కన నీ తీపి నిలదొక్కుకుంటుంది. కీరదోస కరకర, పప్పు మెత్తటి గట్టిదనం, నీ గింజల చిటచిట, మూడూ ఒక్క ముద్దలో.

అంతకన్నా నాకు ప్రాణమైంది చింతచిగురుతో చేసింది. మధ్యధరా దేశాల్లో నిన్ను చేదు ఆకులతో, ఉప్పటి జున్నుతో, వాల్‌నట్‌లతో, ఆలివ్ నూనెతో కలుపుతారు. అవన్నీ ఇక్కడ కొని తెచ్చుకుంటే దొరుకుతాయి. నీ పక్కన నిలబడవలసింది మాత్రం నీతో పాటు అదే వేసవిలో చిగురించే ఆకే అని నా నమ్మకం. ఎర్రెర్రగా, మడతలు ఇంకా పూర్తిగా విప్పని చింతచిగురు రెండు గుప్పెళ్ళు తీసుకోండి. ముదురు కాడలు ఏరెయ్యండి. కడిగి గుడ్డ మీద ఆరబెట్టండి, తడి ఉండకూడదు. మోరి జీడిపప్పు ఒక గుప్పెడు దోరగా వేయించి, చల్లారాక చేత్తోనే విరవండి. లేత కొబ్బరి పలుకులు సన్నగా గీరండి. ఒక చిన్న గిన్నెలో గానుగ పప్పునూనె ఒక చెంచా, తేనె అర చెంచా, అప్పుడే దంచిన మిరియాలు, ఉప్పు వేసి చిక్కగా గిలక్కొట్టండి. నిమ్మకాయ వద్దు. పులుపంతా చిగురులోనే ఉంది. ఆకుకీ కొబ్బరికీ ఈ నూనె పట్టించి వెడల్పాటి పళ్ళెంలో పరవండి. అప్పుడు, అన్నిటికన్నా ఆఖరున, అంజీరల్ని చేత్తో విప్పి ఎర్రటి లోపలి భాగం పైకి కనబడేలా పెట్టండి. గరిటె పెట్టి కలియబెట్టకండి, గుజ్జైపోతుంది. జీడిపప్పు చల్లండి, వెంటనే వడ్డించండి. ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత తిందామనుకుంటే ఆ చలికి అంజీర వాసన ముడుచుకుపోతుంది.

మొదటి ముద్దకి పులుపే తగులుతుంది, కళ్ళు చికిలిస్తారు. ఆ పులుపు తగ్గుతుండగానే నీ తీపి మొదలవుతుంది. మిరియం వెనక నుంచి వస్తుంది. పప్పునూనె వాసన వీటన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. ఆవకాయ ఎర్రదనంలో పుట్టి పెరిగిన మా మామయ్యగారు ఈ పళ్ళెం చూసి మొదట ఏమీ అనలేదు. తిన్నాక, "ఇంకాస్త ఉందా అమ్మాయీ?" అన్నారు. గోదావరి జిల్లాల్లో వంటకి అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

ఇంటి దగ్గర గేదో ఆవో ఈని, జున్నుపాలు దొరికిన అదృష్టం పడితే మరో దారి ఉంది. సగం పాలల్లో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి అందరికీ నచ్చే జున్ను చెయ్యండి. మిగతా సగాన్ని తీపి లేకుండా, చిటికెడు ఉప్పుతో ఆవిరి మీద గడ్డకట్టించండి. చల్లారాక మందంగా ముక్కలు కోసి, పక్కన అంజీర విప్పి పెట్టి, నాలుగు పుదీనా ఆకులు తుంచి వెయ్యండి. పాలకీ నీకూ పాత బంధుత్వమే. నీ కొమ్మలోని పాలకి పాలని విరిచే గుణం ఉంది. ఇలియడ్‌లో గాయం మానడం గురించి చెబుతూ హోమర్ అంజీర రసానికి తెల్లటి పాలు గడ్డకట్టడాన్నే పోలికగా తెచ్చాడు. అంటే అప్పటికే గొర్రెలకాపరులు నీ కొమ్మ విరిచి పాలకుండలో తిప్పేవాళ్ళన్నమాట. నీ కొమ్మ పాలు వేళ్ళకి ఎక్కువగా అంటితే మంట పుడుతుంది. కోసేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటే మంచిది.

పెళ్ళి విందుల్లో ఈ మధ్య నిన్ను చక్రాల్లా కోసి, పైన తెల్లటి క్రీమ్ పోసి, వరసగా నిలబెడుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది. తింటే నువ్వు ఎక్కడున్నావో వెతుక్కోవాలి. నీకు తోడు కావలసింది పులుపు, ఉప్పు, కారం, కాస్త కరకర. తీపికి తీపి తోడైతే నువ్వు మునిగిపోతావు.

వైశాఖం చివరికి ముంజలు, కొత్తపల్లి కొబ్బరి మామిళ్ళు, పనస తొనలు వచ్చి ఊరంతా వాటి వాసనే అవుతుంది. నువ్వు తప్పుకుంటావు. మృగశిర దాటి నదికి ఎర్రనీరు వచ్చేసరికి కొమ్మల మీద మిగిలిన కాయల మీద నాకు ఆశ ఉండదు, పక్షులకి వదిలేస్తాను. వానలు వెనకబట్టి, ఆశ్వయుజం వచ్చాక కత్తెర పడుతుంది. కొత్త కొమ్మల మీదే నీ కాపు, అందుకే పాత కొమ్మని దయ లేకుండా కత్తిరించాలి. కొమ్మ అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. జోర్డాన్ లోయలో గిల్గాల్ అనే చోట తవ్వకాల్లో తొమ్మిది చిన్న అంజీరలు బొగ్గై దొరికాయి. అవి 11,400 ఏళ్ళ కిందటివని 2006లో పరిశోధకులు ప్రకటించారు. గింజతో మొలవని రకం కాబట్టి, మనుషులు కొమ్మ నాటి పెంచినవే అయ్యుంటాయని వాళ్ళ వాదన. ఆ వాదన నిజమైతే గోధుమకన్నా ముందు మనిషి చేత్తో నాటిన మొక్కల్లో నువ్వొకదానివి. బిందుసారుడు పండ్ల బదులు నాలుగు కొమ్మలు అడిగి ఉంటే ఎంత బాగుండేది!

నేను మాత్రం కత్తిరించిన కొమ్మ ఒక్కటీ పారెయ్యను. పెన్సిలంత లావున్నవి ఏరి, నాలుగేసి కణుపులుండేలా జానెడు ముక్కలు కోసి, పాలు ఆరనిచ్చి, ఇసుక కలిపిన ఒండ్రులో గుచ్చుతాను. సగానికి పైగా వేళ్ళు పోసుకుంటాయి. పక్కింటి పిన్నిగారికి ఒకటి, బొబ్బర్లంకలో మా చెల్లెలికి ఒకటి. ఈసారి కాకినాడ నుంచి మా మేనకోడలు కూడా అడిగింది. డాబా మీద పెడతానంది. కుండీ అడుగున చిల్లు పెద్దది పెట్టించుకోమన్నాను, నీళ్ళు నిలవనివ్వొద్దన్నాను, చలికి ఆకు రాలితే పీకి పారెయ్యొద్దన్నాను. మరుసటేడు తొలికాపు వచ్చేసరికి చింతచిగురు దొరక్కపోతే ఏం వెయ్యాలత్తా అని అడిగింది. పుదీనా వెయ్యి, ఆ ఒక్కసారికి నిమ్మచెక్క కూడా పిండుకో అని చెప్పాను.